సమస్య: "మాటలేని నటుఁడె మాటకారి"

యతిమైత్రి (నిర్వహణ):
ఈ వారం ఆటవెలది. పైన ఇచ్చిన సమస్య నాలుగో పాదం, దానికి ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. మాట / లేని / నటుఁడె / మాట / కారి, అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు). విషయం ఫ్రెంచి హాస్యనటుడు, దర్శకుడు జాక్ తాతి (1907–1982). "టాటీ" అని రాయకండి, ఫ్రెంచివాళ్ళు పలికేది తాతి. రగ్బీ ఆడుకునే కుర్రాడు ఆటగాళ్ళను అనుకరిస్తూ మ్యూజిక్ హాళ్ళకెక్కాడు, అక్కడి నుంచి సినిమాకు వచ్చాడు. తీసినవి ఆరే ఆరు పెద్ద సినిమాలు. 1958 నాటి 'మోనోంక్ల్‌'కు ఆస్కార్ వచ్చింది. ఇక కలాలు తీయండి.

పాత రీలు:
తలుపు కదులు సద్దె తనవంతు నవ్వించె
బంతి టకటకలును వింత పలుకు
పైపు నోటఁ బెట్టి పలుకాడకున్నను
మాటలేని నటుఁడె మాటకారి

ఇది 1953లో వచ్చిన 'మిస్టర్ ఉలో సెలవులు' చూసి రాసింది. ఉలో అంటే తాతి తానే వేసిన పాత్ర. సముద్రం ఒడ్డున హోటల్. భోజనాల గదిలో తలుపు ఊగినప్పుడల్లా తీగ తెగినట్టు ఒక మోత. పక్కగదిలో పింగ్‌పాంగ్ బంతి, పేపర్లు చదువుకునేవాళ్ళ ప్రాణం తీస్తూ.

యతిమైత్రి:
బాగుంది. రెండో పాదంలో బంతి–వింత ప్రాసయతి (యతిస్థానంలో మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం) చక్కగా పడింది. మూడో పాదం ఇంకా నచ్చింది. హోటల్లో పేరు చెప్పమంటే ఉలో నోట్లో పైపుతోనే ఏదో గొణుగుతాడు. ఎదుటివాడు ఆ పైపు లాగేస్తే గాని పేరు వినపడదు! ఆ దృశ్యం తెలిసినవాళ్ళకు మీ పాదం రెండింతలు పలుకుతుంది.

బుల్లికవి:
గురువుగారూ, మొదటిసారి రాస్తున్నాను. టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే దిద్దండి.

మూకి చిత్రమందు ముసిముసి నవ్వుల
తాతి తెరను నిండె తనదు సొగసు
పొడుగు కాళ్ళవాడు గొడుగుతో నడచును
మాటలేని నటుఁడె మాటకారి

గణాల గుణింతం:
మూడో పాదంలో యతి తప్పింది కదా? పొ ఎక్కడ, గొ ఎక్కడ?

యతిమైత్రి:
తప్పలేదండీ. పొడుగు–గొడుగు, అదీ ప్రాసయతే. ఆటవెలదిలో నిక్షేపంగా చెల్లుతుంది. బుల్లికవి తెలిసి వేశారో, చెవి వేయించిందో గాని అందంగా ఉంది.

తప్పు మొదటి పాదంలో ఉంది, అదీ ఛందస్సులో కాదు. తాతి సినిమాలు మూకీలు కావు. ఆయన తన సినిమాల శబ్దాన్ని చిత్రీకరణ తర్వాత విడిగా, ఓపిగ్గా కూర్చేవాడు. మనుషుల మాటలు గొణుగుడులా వెనక్కి పోతాయి, చెప్పులూ కుర్చీలూ తలుపులూ ముందుకొస్తాయి. శబ్దం లేకపోతే తాతి సగమే. ఇక "తనదు సొగసు" ఒట్టి పాదపూరణం. ఇలా మార్చి చూడండి:

మూకి కాదు గాని ముసిముసి నవ్వుల
తాతి తెరను దాటెఁ దడబడుచును

బుల్లికవి:
ధన్యవాదాలండీ! "నవ్వుల తాతి" అంటుంటే మా తాతయ్య గుర్తొస్తున్నాడు.

గణాల గుణింతం:
నా వంతు.

గాజుమేడఁ గట్టి కడకప్పు మిగులంగ
నిల్లు వాకిలెల్ల చెల్లిపోయె
ఊరు కూలగొట్ట నూరకే నవ్వించు
మాటలేని నటుఁడె మాటకారి

'ప్లేటైమ్' (1967) కథ ఇది. పారిస్ శివార్లలో గాజు, ఉక్కు భవనాలతో ఒక నగరాన్నే సెట్‌గా వేయించాడు. దానికి "తాతివిల్" అని పేరు కూడా పడింది. 70 ఎమ్.ఎమ్.లో తీశాడు, ఏళ్ళు పట్టింది. సినిమా ఆడలేదు. అప్పుల్లో సొంత ఇల్లు పోయింది, సినిమాల హక్కులు వేలానికి వెళ్ళాయి. సెట్‌ను పడగొట్టేశారు.

పాత రీలు:
"ఇల్లు వాకిలెల్ల చెల్లిపోయె" దగ్గర గొంతు పట్టేసింది. కానీ సమస్య అతకలేదండీ. అప్పులపాలైనవాడు మాటకారి ఎలా అయ్యాడు? మూడో పాదం వంతెన వేయాలి, మీది వేయలేదు.

యతిమైత్రి:
నా మాటా అదే. పూరణలో మూడు పాదాలు ఎంత బాగున్నా, నాలుగోది వాటిలోంచి పుట్టకపోతే అరువు తెచ్చిన చొక్కాలా ఉంటుంది. 'ప్లేటైమ్'లో పొడవాటి నడవా ఉంది గుర్తుందా? ఒక ఉద్యోగి అటు చివర నుంచి టకటకమంటూ వస్తూనే ఉంటాడు. ఇటు ఉలో లేవబోతే, ఇంకా టైముంది కూర్చోమంటాడు కాపలాదారు. ఆ నడకను వాడుకోండి.

గణాల గుణింతం:
దొరికింది! మూడో పాదం ఇలా:

చెప్పు చప్పుడొకటె చెప్పెను కథలన్ని

యతిమైత్రి:
భేష్! కాలికేసుకునే చెప్పు, నోటితో చెప్పు, రెండూ ఒకే పాదంలో. ఇప్పుడు నాలుగో పాదం దానంతటదే వచ్చింది. "చెప్పెను గథలన్ని" అనాలని వ్యాకరణం పట్టుకుని ఎవరైనా వస్తే నేను చూసుకుంటాను.

బుల్లికవి:
సింగీతం గారి 'పుష్పక విమానం' (1987) మీద కూడా ఇదే సమస్య పూరించవచ్చు కదండీ?

యతిమైత్రి:
పూరించవచ్చు, కానీ ఈ చర్చాదారంలో కాదు. అందులో మాటలే లేవు, తాతి దగ్గర ఉండీ లేనట్టుంటాయి. ఆ తేడా పద్యంలోకి వస్తే విడిగా పంపండి, చూస్తాను.

వచ్చే వారం తేటగీతి:

రంగు లేని చిత్రమ్మె పో రంగులీనె

ఆధారం ఇస్తున్నాను. తాతి తొలి పెద్ద సినిమా 'జూర్ ద ఫెట్', సైకిలు తొక్కే పోస్టుమాన్ కథ. 1947లో ఒక పల్లెలో తీస్తూ రంగుల కెమెరాతో పాటు, ఎందుకైనా మంచిదని నలుపు తెలుపు కెమెరా కూడా పెట్టాడు. రంగుల ఫిల్మును ప్రింటు వేయడం కుదరలేదు, 1949లో నలుపు తెలుపులోనే విడుదలైంది. రంగుల్లో జనం చూసింది 1995లో. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్ళు.