విమానాల మధ్య త్రుటిలో తప్పే ప్రమాదాలు: లోపం భాషలో ఉందా?

గుణుపురం మాస్టారు:
రెండు విమానాలు ప్రమాదకరంగా దగ్గరికి వచ్చాయన్న వార్త చదివినప్పుడల్లా నాకు హర్యానాలోని చర్ఖీ దాద్రీ ప్రమాదం గుర్తుకు వస్తుంది. 1996 నవంబరు 12న ఢిల్లీలో దిగబోతున్న కజకిస్థాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర, పైకి లేస్తున్న సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఆగమని కంట్రోలర్ (నేల మీదనుంచి విమానాలకు దారి చెప్పే ఉద్యోగి) చెప్పాడు. కజక్ విమానం ఇంకా కిందికి దిగింది. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాదని విచారణలో తేలింది. భాషా పరీక్షను కఠినం చేయకుండా ఎన్ని పరికరాలు కొన్నా ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

రాయగడ స్టేషన్ మాస్టర్ (విశ్రాంత):
మాస్టారూ, ఆ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడినది రేడియో ఆపరేటర్. ఎత్తు చూపే మీటరు అతని ముందు లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడవలసిందే. ఢిల్లీ రాడార్ కూడా అప్పట్లో విమానం ఎక్కడుందో చూపేదే గాని ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. మా ఉద్యోగంలో గేటు మూసిన తరువాతే గేట్‌మ్యాన్ దానికి హామీగా ఫోనులో ప్రైవేట్ నంబరు అనే గుర్తు సంఖ్య చెప్పేవాడు. దాన్ని రిజిస్టరులో రాసుకున్నాకే నేను సిగ్నల్ ఇచ్చేవాణ్ని. కంట్రోలర్ ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పే మాట పని జరగకముందు చెప్పేది. రెండింటికీ చాలా తేడా ఉంది.

జయపురం ప్రయాణికుడు:
ఒకసారి మా విమానం నేలకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా మళ్లీ పైకి లేచింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని వణికిపోయింది. కారణం చెప్పమని ఉత్తరం రాస్తే, మీ సహనానికి ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. ముందు దీని సంగతి మాట్లాడండి.

గుణుపురం మాస్టారు:
స్టేషన్ మాస్టరు గారూ, 15,000 అడుగులకు చేరామని ఆ కజక్ విమానం చెప్పింది కదా! పని జరిగాక ఇచ్చిన హామీయే అది. మరి ఏమైంది? నేను మళ్లీ చెబుతున్నాను, భాషే మూలం.

రాయగడ స్టేషన్ మాస్టర్ (విశ్రాంత):
ఆ హామీని సరిచూసుకునే సాధనం కంట్రోలర్‌కు లేకపోవడమే మూలం. అందుకే ఆ తరువాత ఎత్తు చూపే రాడార్, మరో విమానం మరీ దగ్గరికి వస్తే పైలట్‌ను హెచ్చరించే టీకాస్ యంత్రం వచ్చాయి. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో ఇద్దరు ఒకేసారి రేడియోలో మాట్లాడడంతో కీచుమన్న శబ్దంలో ముఖ్యమైన మాటలు మరుగునపడ్డాయి. రెండు విమానాలు ఢీకొని 583 మంది పోయారు. దానికి ఏ భాషా పరీక్ష పెడతారు?

నాగావళి:
2001 జనవరిలో జపాన్‌లో జరిగినది చూడండి. శిక్షణలో ఉన్న కంట్రోలర్ 958 నంబరు విమానానికి చెప్పవలసిన ఆదేశాన్ని 907 నంబరు విమానానికి చెప్పాడు. రెండింటిలో కలిపి 677 మంది ఉన్నారు. విమానాలు ఢీకొనలేదు గాని, చివరి క్షణపు కుదుపులో సుమారు వంద మంది గాయపడ్డారు.

గుణుపురం మాస్టారు:
అవును, ఆ శిక్షణార్థికీ పర్యవేక్షకురాలికీ పడిన శిక్షను 2010లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. న్యాయమే జరిగింది.

రాయగడ స్టేషన్ మాస్టర్ (విశ్రాంత):
అది న్యాయమా! రాత్రి డ్యూటీలో ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలుస్తుంది. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర మన రాయగడ రైలు పలాస రైలును వెనుకనుంచి ఢీకొన్నప్పుడు ప్రాథమిక విచారణ లోకో పైలట్లనే బాధ్యులుగా చూపింది. తమ మాట చెప్పుకోవడానికి వాళ్లిద్దరూ బతికి లేరు. నోరు జారిన ప్రతివాణ్నీ కోర్టుకు ఈడిస్తే, రేపు త్రుటిలో తప్పినదాన్ని ఎవరు బయటపెడతారు?

గుణుపురం మాస్టారు:
మీకు మీ కుర్చీ బాధ. మా తమ్ముడి కొడుకు బస్సు ప్రమాదంలో పోయాడు. మానవ తప్పిదం అని రాసి ఫైలు మూసేశారు. ఒక్కరికీ జీతం కోత కూడా పడలేదు. తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి వదిలేయమంటే కన్నవాళ్లకు ఏమని చెప్పాలి?

జయపురం ప్రయాణికుడు:
ఇదీ అసలు తగాదా. ఇంతసేపూ ఇంగ్లీషు మీద కొట్టుకున్నారు.

రాయగడ స్టేషన్ మాస్టర్ (విశ్రాంత):
మాస్టారూ, మీ ఇంటి దుఃఖాన్ని నేను తక్కువ చేయను. శిక్షే వద్దని కూడా అనను. 2002 జూలైలో జర్మనీలోని ఉబెర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయిన రాత్రి ఒక్క కంట్రోలర్ రెండు తెరలు చూస్తున్నాడు, ఫోను లైను పనిచేయడం లేదు. 2007లో స్విస్ కోర్టు అతను పనిచేసిన స్విస్ విమాన నియంత్రణ సంస్థ ఉద్యోగులు నలుగురిని దోషులన్నది. అతన్ని ఒంటరిగా వదిలిన ఏర్పాటుకు బాధ్యులైన మేనేజర్లు వారిలో ఉన్నారు.

గుణుపురం మాస్టారు:
మన దగ్గర కూడా విచారణ ఆ మేనేజర్ల దాకా వెళుతుందని చూపించండి, కంట్రోలర్‌ను వదిలేయడానికి నేను ఒప్పుకుంటాను. అంతవరకు ఒప్పుకోను.