డేటోనా 500: తొలి పందెం విజేతను తేల్చడానికి మూడు రోజులా?

ప్రశ్న (కడప):
అమెరికాలోని డేటోనా బీచ్‌లో ఏటా జరిగే స్టాక్ కార్ల (మామూలు కార్ల రూపంలో ఉండే పందెపు కార్ల) పందెం మొదట సముద్రపు ఇసుక మీద జరిగేదని విన్నాను. అది తారు ట్రాక్ మీదికి ఎలా వచ్చింది? 1959లో విజేత ఎవరో వెంటనే తేలలేదన్న మాట నిజమేనా?

జవాబు (ప్రొద్దుటూరు):
నిజమేనండి. అంతకుముందు కార్లు కొంత దూరం ఇసుక మీద, కొంత దూరం పక్కనున్న తారురోడ్డు మీద పరుగెత్తేవి. ఈ పందేలు నడిపే సంస్థ నాస్కార్ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ రెండున్నర మైళ్ల ట్రాక్ కట్టించి, 1959 ఫిబ్రవరి 22న 200 చుట్ల తొలి పందెం నడిపించారు. చివరికి లీ పెట్టీ, జానీ బీచమ్‌ల కార్లు, వాటి పక్కనే చుట్లలో వెనుకబడిన జో వెదర్లీ కారు, మూడూ ఒక్కసారే గీత దాటాయి. ముందు బీచమ్ గెలిచారని ప్రకటించినా, ఫొటోలు, న్యూస్‌రీలు (వార్తల సినిమా) పరిశీలించి, మూడు రోజుల తర్వాత పెట్టీయే విజేత అని తేల్చారు. మన బండలాగుడు పందేల్లో టేపు పట్టి అంగుళాలు కొలిచేటప్పుడు రేగే వాదన నాకు గుర్తుకొస్తుంది.

జవాబు (అనంతపురం):
మలుపుల సంగతి కూడా చెప్పాలి. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు తిరిగినప్పుడు మనం పక్కవారి మీదికి ఒరుగుతామే, అలా బయటికి తోసే బలాన్ని అక్కడి మలుపుల్లో ట్రాక్‌కు లోపలివైపు ఉన్న 31 డిగ్రీల వాలు కాచుకుంటుంది కాబట్టి కారు పెద్దగా వేగం తగ్గించకుండానే తిరగగలదు. ఆ వేగం ప్రాణాలూ తీసింది. 2001లో ఈ పందెం చివరి చుట్టులో డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక, తలను, మెడను పట్టి ఉంచే పరికరాన్ని అదే ఏడాది తప్పనిసరి చేశారు.

ప్రశ్న (కడప):
కృతజ్ఞతలండి. 7 సార్లు గెలిచిన రిచర్డ్ పెట్టీ ఈ లీ పెట్టీకి ఏమవుతారు?

జవాబు (ప్రొద్దుటూరు):
కుమారుడే. తొలి పందెంలో ఆయనా దిగారు గానీ, ఇంజిన్ చెడిపోయి కొద్ది చుట్లకే ఆగిపోయారు.