సిమ్‌లో ఎయిర్‌స్పీడ్ ముల్లు నిజమే చెబుతోందా?

జయపురం గాలిపటం
అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. సిమ్‌లో (కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్) సెస్నా కారవాన్ అనే చిన్న విమానం తీసుకుని వైజాగ్ నుంచి అరకు కొండల మీదుగా మా ఊళ్లో దింపుతుంటాను. దిగేటప్పుడు వేగం చూపే ముల్లు 80 నాట్ల (గంటకు 80 నాటికల్ మైళ్లు) మీదే ఉంటుంది, జీపీఎస్ మాత్రం 86 అంటోంది. గాలి సున్నా పెట్టాను, ఎండ 35 డిగ్రీలు. ఈ విమానం తయారీలో తప్పుందా? మూడు రోజులుగా ఇదే టెన్షన్.

రాయగడ రెక్క
తప్పేం లేదు తమ్ముడూ, నీ విమానం మంచిదే. ఆ ముల్లు వేగాన్ని కొలవదు. ఎదురుగాలి పిటో ట్యూబ్ అనే, ముందుకు తెరిచి ఉండే సన్న గొట్టంలోకి తోసే ఒత్తిడిని కొలిచి, దాన్ని నాట్లలో చూపిస్తుంది. మీ ఊరు ఎత్తున ఉంది, పైగా ఎండ. గాలి పలచబడితే అదే ఒత్తిడి రావడానికి విమానం ఇంకాస్త జోరుగా పోవాలి. జయపురం ఎత్తు దాదాపు 2000 అడుగులు, 35 డిగ్రీల వేడికి లెక్కేస్తే 80కి సరిగ్గా 86 వస్తుంది. రెండూ 80 చూపించి ఉంటే అప్పుడు అనుమానించాలి.

పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) ఇండికేటెడ్ స్పీడ్, అంటే ముల్లు చూపేది కావాలా, ట్రూ ఎయిర్‌స్పీడ్, అంటే గాలిలో అసలు వేగం కావాలా అని రియలిజం సెట్టింగుల్లో అడిగేది. అక్కడ ట్రూ పెట్టుకుని నేర్చుకున్నవాళ్లకు ఈ అయోమయం ఎక్కువ.

పర్లాకిమిడి కాక్‌పిట్
నేను ఇంట్లో డయల్స్ కడుతున్నాను. ముల్లు మొదట్లో ఎందుకు కదలదో అర్థం కాక, సెలైన్ గొట్టాన్ని యూ ఆకారంలో చెక్కకు బిగించి, నీళ్లు పోసి, ఒక చివర నోటితో ఊదాను. 40 నాట్లకు వచ్చే ఒత్తిడి ఎంతో తెలుసా? నీటి మట్టాల్లో తేడా రెండున్నర సెంటీమీటర్లు, అంతే. వేడి టీ ఊదినంత ఊపిరి చాలు. అదే 80కి పది సెంటీమీటర్లు దాటింది. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు. అందుకే అసలు విమానంలో టేకాఫ్ పరుగు మొదట్లో ముల్లు పడుకునే ఉంటుంది, 30-40 దగ్గర లేస్తుంది. మీ సిమ్‌లో ఐదు నాట్ల నుంచే నున్నగా ఎక్కుతుంటే ఆ డయల్‌ని నమ్మకండి.

సిరొంచ నుంచి
అన్నా, గొట్టం ఫొటో పెట్టు, నేనూ చేస్తా.

ఇంకో మాట. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో aircraft.cfg అనే ఫైల్ తెరిస్తే ఎయిర్‌స్పీడ్‌కి రెండే అంకెలు ఉంటాయి: ఒకటి గుణించేది, ఒకటి కలిపేది. అసలు విమానంలో తప్పు అంత తిన్నగా ఉండదు. స్టాల్ (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) దగ్గరికి వచ్చి ముక్కు పైకి లేచినప్పుడు గాలి పిటోకి వంకరగా తగులుతుంది, సెస్నా 172 లాంటి వాటిలో ముల్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. క్రూయిజ్‌లో, అంటే పైన తిన్నగా పోయేటప్పుడు, తేడా దాదాపు ఉండదు. ఆ రెండు అంకెలతో ఈ వంపు రాదు. నేను ఒక నెల కుస్తీ పట్టి వదిలేశాను.

బరంపురం బీచ్
ఫెయిల్యూర్ కూడా పరీక్షించండి, దయచేసి. 1996లో డొమినికన్ రిపబ్లిక్ దగ్గర బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. పిటో మూసుకుపోయింది, కుమ్మరి పురుగు గూడే కారణమని అనుమానించారు. మన కిటికీల మూలల్లో మట్టితో కట్టే అలాంటి గూడే. పైకి పోయేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది, గొట్టం లోపలి ఒత్తిడి మాత్రం చిక్కుకుపోయింది కాబట్టి విమానం ఎక్కేకొద్దీ కెప్టెన్ ముల్లు పెరుగుతూ పోయింది. అసలు వేగం మాత్రం తగ్గుతోంది.

సిమ్‌లో పిటో పూర్తిగా మూసి ఎక్కి చూడండి. ముల్లు ఆల్టిమీటర్ (ఎత్తు చూపే డయల్) లాగా పెరగాలి. చాలా ఉచిత విమానాల్లో సున్నాకి పడిపోయి ఊరుకుంటుంది. అది ముందు రంధ్రం మాత్రమే మూసుకుని, నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రం తెరిచి ఉన్నప్పటి సంగతి.

జయపురం గాలిపటం
రాయగడ అన్నా, చూశాను. వైజాగ్‌లో 15 డిగ్రీలు పెడితే ముల్లు 80, జీపీఎస్ 80. జయపురంలో మళ్లీ 86. పిటో కూడా మూసి 3000 అడుగుల నుంచి ఎక్కాను, పవర్ కదపలేదు. 5000 దాటేసరికి ముల్లు గరిష్ఠ వేగం ఎర్ర గీత దాటింది, విమానమేమో స్టాల్ హారన్ మోగిస్తోంది. చేతులు చల్లబడ్డాయి. ముక్కు దించాలని తెలిసినా, ముల్లు చూస్తూ దించబుద్ధి కాలేదు.