నేర బాధితుల మీద ప్రెజెంటేషన్, ఏ టాపిక్ తీసుకోవాలి?

ప్రశ్న: సైకాలజీ క్లాసులో నేర బాధితుల మానసిక స్థితి మీద మాట్లాడాలి, టెన్షన్‌గా ఉంది. స్టాక్‌హోమ్ సిండ్రోమ్ (బందీలకు తమను బంధించినవాళ్ళ మీదే అభిమానం కలగడం) సరిపోతుందా?

జవాబు 1: అది అందరూ చెప్పేదే. 1973లో స్టాక్‌హోమ్ బ్యాంకు దోపిడీలో కొందరిని ఆరు రోజులు బందీలుగా ఉంచాక పుట్టిన పేరు, కానీ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రుగ్మతల జాబితాలో అది లేదు. పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత దాని భయం, జ్ఞాపకాలు వెంటాడే రుగ్మత) ఆ జాబితాలో 1980 నుంచి ఉంది, అది తీసుకోండి.

జవాబు 2: "ఎందుకు అరవలేదు?" అని బాధితుల్నే నిలదీస్తారు చూడండి, దాని మీద మాట్లాడండి, చాలా అవసరం. విపరీతమైన భయంలో ఒళ్ళు కొయ్యబారి గొంతు పెగలకపోవచ్చు, అది వాళ్ళ చేతిలో ఉండదు. ఒక్కోసారి కత్తి గుర్తుంటుంది, పట్టుకున్నవాడి ముఖం గుర్తుండదు.

జవాబు 3: మానసిక రుగ్మత ఉంటే నేరస్థుడే అన్నట్టు స్లైడ్లు పెట్టొద్దు ప్లీజ్, వాళ్ళలో చాలామంది హింస చేసేవాళ్ళు కాదు, హింసకు గురయ్యేవాళ్ళు. క్లాసులోనే బాధితులు ఉండొచ్చు, రక్తపు ఫొటోలు అసలే వద్దు.