మఠాధిపతిని ‘అబాట్’ అంటారు, మన ‘అబ్బ’కి చుట్టమా?

గోదారిగట్టు: క్రైస్తవ మఠం పెద్దని ఇంగ్లీషులో అబాట్ అంటారు కదా, మూలం ‘అబ్బా’ అట, అంటే నాన్న. ‘నీ అబ్బ సొమ్మా’లో అబ్బ ఇదేనా?

పాతకాగితం: మూలం కరెక్టే, చుట్టరికం మాత్రం లేదు. అది అరామిక్ (యేసు కాలంలో పాలస్తీనా వైపు మాట్లాడిన భాష) మాట, గ్రీకు, లాటిన్లలో ‘అబ్బాస్’ అయ్యి, జర్మన్‌లో ‘అబ్ట్’, ఇటాలియన్‌లో ‘అబాతే’గా అరిగిపోయింది. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ అనే క్రైస్తవ సన్యాసి రాసిన మఠ నియమావళి రెండో అధ్యాయంలోనే ఈ పిలుపు ఎందుకన్నది ఉంది: మఠంలో ఆయన క్రీస్తు స్థానంలో ఉంటాడని.

వేపచెట్టు: ఫ్రెంచ్‌లో ‘అబే’ అయితే మరీ చవకైపోయింది, మఠం లేని మామూలు ఫాదర్‌ని కూడా అలాగే పిలిచేస్తారు.

గోదారిగట్టు: మరి మన అబ్బ?

పాతకాగితం: పెదాలు కలిపి విడిస్తే వచ్చే శబ్దాలండీ, పసిపిల్లలకి అవే ముందు వస్తాయి. అందుకే సంబంధం లేని భాషల్లోనూ అమ్మా నాన్నల మాటలు ఇలా కలుస్తాయి.