ముంబైలో నాటకానికి మంచి సీట్లు దొరకాలంటే ఎప్పుడు, ఎలా బుక్ చెయ్యాలి?

గంటస్తంభం సెంటర్:
సంక్రాంతి అయ్యాక విజయనగరంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై వెళ్తున్నాం. జనవరి ఆఖరి వారంలో నాలుగు రోజులు ఉంటాం, బస దాదర్ స్టేషన్ దగ్గర. మొత్తం నలుగురం: నేను, మా ఆవిడ, నాన్నగారు, పదేళ్ళ మా పాప. నాన్నగారికి నాటకమంటే ప్రాణం. అక్కడ కనీసం ఒక మంచి హిందీ నాటకం చూపించాలి. ఆయనకి కుడి మోకాలు వంగదు, కుడి చెవి మందం. మరాఠీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. పృథ్వీ థియేటర్, ఎన్‌సీపీఏ అని రెండు నాటకశాలల పేర్లు విన్నాను. టికెట్లు ఇక్కడి నుంచే తీసుకోవాలా, వెళ్ళాక దొరుకుతాయా? ఏ వరసలో తీసుకోవాలి? అసలు మంచి సీటంటే అక్కడ ఏది?

చీపురుపల్లి టు చర్చిగేట్:
మాస్టారూ, మన ఆనందగజపతి ఆడిటోరియంలో పోటీ నాటకాలకి వెళ్ళి ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నట్టు అక్కడ కుదరదు. మీరు చెప్పిన రెండు చోట్లా పద్ధతులు పూర్తిగా వేరు.

పృథ్వీ జుహూలో ఉంది. 1978లో తెరిచిన చిన్న హాలు, సుమారు 200 మంది పడతారు. వేదిక ముందుకి చొచ్చుకొచ్చి ఉంటుంది, మూడు వైపులా మెట్లు మెట్లుగా జనం కూర్చుంటారు. టికెట్ మీద సీటు నంబరు ఉండదు. ముందు లోపలికి వెళ్ళినవాళ్ళదే మంచి చోటు. అంటే అక్కడ టికెట్ కొనడం సగం పనే, మిగతా సగం క్యూలో ఉంది. ఆటకి 45 నిమిషాల ముందు చేరితే హాయిగా ఉంటుంది. పావుగంట ముందు వెళ్తే నలుగురికీ ఒకే చోట దొరకదు. లోపలికి వెళ్ళాక వేదికకి ఎదురుగా ఉన్న భాగం పట్టుకోండి. నటులు ఎంత తిరిగి తిరిగి ఆడినా పక్క భాగాల్లో కూర్చున్నవాళ్ళకి సగం సేపు వీపులే కనిపిస్తాయి. హాలు చిన్నది కాబట్టి వెనక మెట్టు మీద కూర్చున్నా మొహంలో కదలిక తెలుస్తుంది. ముందు వరస కోసం తోసుకోవక్కర్లేదు.

మూడో బెల్లు కొట్టి ఆట మొదలైతే తలుపు తియ్యరు. ట్రాఫిక్ అన్నా, పెద్దాయన అన్నా వినరు, డబ్బు కూడా తిరిగి ఇవ్వరు. ఈ ఒక్క విషయంలో ఆ హాలుకి చాలా పేరుంది, నా లెక్కన అది మంచి పేరే. సోమవారం ఆటలుండవు. శని, ఆదివారాల్లో ఒకే రోజు రెండేసి ఆటలు పడతాయి.

ఎన్‌సీపీఏ, అంటే నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, నారిమన్ పాయింట్‌లో, సముద్రం ఒడ్డున. ఒకే ఆవరణలో అయిదు హాళ్ళున్నాయి. టికెట్‌లో హాలు పేరు చూడకుండా వెళ్తే తప్పు గుమ్మం దగ్గర నిలబడతారు. జంషెడ్ భాభా థియేటర్ 1,109 సీట్లది, ఎదురుగా తెర ఉండే మామూలు వేదిక. టాటా థియేటర్ 1,010 సీట్లు, విసనకర్రలా విప్పారిన హాలు. మైకు లేని సంగీత కచేరీలని మనసులో పెట్టుకుని కట్టింది కాబట్టి మాట స్పష్టంగా వినిపిస్తుంది, చెవి మందం ఉన్నవాళ్ళకి ఇదే నయం. విసనకర్ర రెండు కొసల్లో మాత్రం తీసుకోవద్దు. అక్కడి నుంచి సెట్టులో ఒక పక్క కనపడదు. ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ సుమారు 300 మందికి. అందులో కుర్చీలు కదిపేవి, ఒక్కో నాటకానికి ఒక్కోలా వేస్తారు. పోయినసారి ఎవరో బాగుందన్న వరస ఈసారి అక్కడ ఉండకపోవచ్చు, ఆ నాటకం పేజీలో ఉన్న పటమే నమ్మండి.

ఇక్కడి నుంచే కొనండి. రెండు మూడు వారాల ముందు నుంచి బుక్‌మైషో యాప్‌లోనూ హాళ్ళ సొంత సైట్లలోనూ చూస్తూ ఉండండి. ఎన్‌సీపీఏలో సభ్యులకి ముందు అమ్మి, తర్వాత అందరికీ తెరుస్తారు. తెరిచిన రోజే మధ్య వరసలు కొన్ని నిండి ఉన్నాయంటే అవి సభ్యులు కొన్నవి అయి ఉంటాయి, మీరు ఆలస్యం చేశారని కాదు.

నాగావళి గట్టు:
పైన చెప్పినవారు హాళ్ళ గురించి బాగా చెప్పారు. నేను పెద్దాయన సీటు గురించి మాత్రమే రాస్తాను. అందరికీ మంచిదైన సీటు ఆయనకి మంచిది కాదు.

కుడి చెవి మందం అంటే వినపడే ఎడమ చెవి వేదిక వైపు ఉండాలి. అందుకు వేదికకి ఎదురుగా కూర్చున్నప్పుడు నడిమికి కొంచెం కుడి పక్కన ఉండాలి. కుడి మోకాలు వంగదంటే కుడి కాలు చాపుకోవడానికి కుడి పక్కన దారి ఉండాలి. రెండూ కలిపి చూస్తే ఆయనకి సరిపోయేది మధ్య బ్లాకులో కుడి చివరి కుర్చీ. పాపని ఆయన ఎడమ పక్కన కూర్చోబెట్టండి, ఏదైనా చెప్పాలన్నా మంచి చెవిలో చెప్తుంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. యాప్‌లో సీట్ల పటం తెరిచాక వేదికని పైన గీశారా కింద గీశారా చూడండి. వేదిక పైన ఉంటే పటంలో కుడి, మీ కుడి ఒకటే. వేదిక కింద ఉంటే మీరు కిందికి తిరిగి కూర్చున్నట్టు లెక్క, అప్పుడు పటంలో ఎడమ వైపున్నదే మీ కుడి. ఫోన్ తలకిందులు చేసి చూస్తే వెంటనే తెలిసిపోతుంది. 'ఎ' వరస ముందుదా వెనకదా అన్నది కూడా అదే పటంలో సరిచూసుకోండి. సినిమా హాలు అలవాటుతో వెనక వరసే గొప్పదనుకుని కొనేస్తారు, నాటకానికి అది తిరగబడుతుంది.

పెద్ద హాల్లో మొదటి రెండు వరసలు వద్దు. వేదిక ఎత్తు వల్ల నటుల పాదాలు కనపడవు, రెండు గంటలు మెడ ఎత్తి చూడాలి. అయిదో వరస నుంచి పదో వరస దాకా బాగుంటుంది. బాల్కనీ కింద పడే వెనక వరసలు చవగ్గా కనిపిస్తాయి గానీ పైకప్పు నెత్తి మీదే ఉన్నట్టుండి మాట ముద్దగా వినిపిస్తుంది. ఆయన చెవికి అది అస్సలు పనికిరాదు. బాల్కనీయే తప్పకపోతే దాని మొదటి వరస తీసుకోండి, అయితే ముందున్న కమ్మీ చూపుకి అడ్డం వస్తుందేమో సీటు వివరాల్లో చదవండి.

పృథ్వీలో నంబర్లుండవు కాబట్టి హాలుకి ముందురోజే ఫోన్ చేసి మోకాలి సంగతి చెప్పండి. వెళ్ళాక తలుపు దగ్గరున్నవాళ్ళకి మళ్ళీ గుర్తు చెయ్యండి. పై మెట్లకి ఎక్కించకుండా కింది మెట్టు మీద, దారి పక్కన కూర్చోబెట్టమని అడగండి. జనం నిండాక అడిగితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

ఆమదాలవలస జంక్షన్:
నాటకం సంగతి వాళ్ళు చెప్పారు, బండి సంగతి నేను చెప్తాను.

కోణార్క్ విజయనగరం నుంచి ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌కి సుమారు 30 గంటలు. తెల్లారకముందే దింపాలి, లేటయితే ఎప్పుడు దింపుతుందో చెప్పలేం. దిగిన రోజు ఆటకి టికెట్ కొనకండి. తిరుగు ప్రయాణం ముందు రాత్రి కూడా వద్దు. ఉన్న నాలుగు రోజుల్లో రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి.

దాదర్‌లో బస మంచిదే, వెస్టర్న్ లైనూ సెంట్రల్ లైనూ రెండూ అక్కడ కలుస్తాయి. కానీ సాయంత్రం జనం ఏ వైపు పోతారో తెలుసుకోండి. ఆఫీసులన్నీ దక్షిణాన, ఇళ్ళు ఉత్తరాన. ఆరు గంటలకి దాదర్ నుంచి చర్చిగేట్ వెళ్ళే లోకల్‌లో కూర్చోడానికి చోటుంటుంది, కాబట్టి ఎన్‌సీపీఏకి హాయిగా పోవచ్చు. అదే సమయంలో పృథ్వీ కోసం ఉత్తరానికి వెళ్ళాలంటే కాలు పెట్టే సందుండదు. వంగని మోకాలితో ఆ బండి ఎక్కించడం ప్రమాదం. పృథ్వీకి శని ఆదివారాల్లో వెళ్ళండి, లేదంటే నాలుగున్నరకే బయల్దేరండి. హాలు పక్కనే కేఫ్ ఉంది, టీ తాగుతూ కూర్చోవచ్చు.

పృథ్వీకి దిగాల్సింది విలే పార్లే, పడమర వైపు. ఫాస్ట్ లోకల్ అక్కడ ఆగదు, స్లో ఎక్కాలి. పొరపాటున ఫాస్ట్ ఎక్కితే అంధేరీలో దిగి ఆటో పట్టుకోండి. విలే పార్లే నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు, రద్దీ వేళైతే అరగంట వేసుకోండి. దక్షిణ ముంబైలో ఆటోలు తిరగనివ్వరు. చర్చిగేట్‌లో దిగాక ఎన్‌సీపీఏకి టాక్సీ పట్టుకోండి, పెద్దాయనని నడిపించకండి.

కోట దక్షిణ గుమ్మం:
డబ్బు లెక్క ఎవరూ చెప్పలేదు. నాటకం టికెట్ 500 రూపాయల దాకా ఉంటే జీఎస్‌టీ లేదు. 500 దాటితే మొత్తం ధర మీద 18 శాతం. అంటే 600 టికెట్ చివరి పేజీకి వచ్చేసరికి 708 అవుతుంది. చాలా నాటకాలకి 499, 500 ధరలు ఎందుకు కనిపిస్తాయో ఇప్పుడర్థమైందా? ఆన్‌లైన్‌లో దీని పైన కన్వీనియన్స్ ఫీజు, ఆ ఫీజుకి మళ్ళీ జీఎస్‌టీ. హాలు కౌంటరులో కొంటే ఈ ఫీజు తప్పుతుంది. కానీ నాలుగు టికెట్ల మీద మిగిలే ఆ కాస్త డబ్బు కోసం విజయనగరం నుంచి వెళ్ళేవాళ్ళు కౌంటరుని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

మరాఠీ రాదని ఆ నాటకాలని పక్కన పెట్టెయ్యకండి. మీ బస దగ్గరే దాదర్ పడమర శివాజీ మందిర్ ఉంది. పద్య నాటకం మీద మోజున్న పెద్దాయనకి మరాఠీ సంగీత నాటకం భాష రాకపోయినా పడుతుంది. రాగం తీసి వన్స్‌మోర్ అనిపించుకోవడం అక్కడా ఉంది మరి. ఆ హాళ్ళలో కౌంటరు చాలా చోట్ల ఉదయం, సాయంత్రమే తెరుస్తారు, మధ్యాహ్నం వెళ్తే మూసి ఉంటుంది. సీట్లకి నంబర్లుంటాయి. టికెట్లు ఆటకి కొద్ది రోజుల ముందే ఇస్తారు, అందుకే ఊరు చేరాక కొన్నా మంచి వరసలు దొరుకుతాయి.

గంటస్తంభం సెంటర్:
అందరికీ నమస్కారం. ఫోన్ తలకిందులు చేసి చూశాను, నిజమే, నేను ఎడమ చివర తీసుకోబోయాను! ఇంకో రెండు సందేహాలు. శనివారం పృథ్వీ నాటకం అప్పుడే 'సోల్డ్ ఔట్' అని చూపిస్తోంది. ఒకాయన ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు టికెట్లు పీడీఎఫ్ పంపుతానంటున్నాడు, ఫోన్‌పే చెయ్యమంటున్నాడు. తీసుకోవచ్చా? బీకేసీలో (బాంద్రా-కుర్లా కాంప్లెక్స్) పెద్ద మ్యూజికల్ కూడా ఉందట, పాపకి అది ఎలా ఉంటుంది?

చీపురుపల్లి టు చర్చిగేట్:
పీడీఎఫ్ వద్దండీ. అదే క్యూఆర్ కోడ్ పది మందికి అమ్మొచ్చు. గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడే లోపలికి, మిగతా తొమ్మిది మందీ బయట.

సోల్డ్ ఔట్ అన్నంత మాత్రాన అయిపోలేదు. డబ్బు కట్టకుండా వదిలేసిన సీట్లు కొన్ని నిమిషాల తర్వాత మళ్ళీ అమ్మకానికి వస్తాయి. నాటకం వాళ్ళు తమవాళ్ళ కోసం ఆపుకున్నవి మిగిలితే ఆట రోజు వదులుతారు. ఆ రోజు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి, హాలుకి ఫోన్ చేసి అడగండి. నలుగురికి వెతికితే దొరకదు, రెండు రెండుగా వెతకండి. పృథ్వీలో ఎలాగూ నంబర్లు లేవు కాబట్టి వేర్వేరుగా కొన్నా కలిసే కూర్చోవచ్చు. అదే నాటకానికి ఆదివారం ఆట ఉందేమో కూడా చూడండి, రెండేసి రోజులు వెయ్యడం మామూలే.

డబ్బు కట్ అయ్యి టికెట్ రాకపోతే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టకండి. ముందు యాప్‌లో మీ బుకింగ్స్ తెరిచి చూడండి. అక్కడ లేకపోతే బ్యాంకు మెసేజ్ దాచుకుని మళ్ళీ బుక్ చేసుకోండి, మొదటి డబ్బు కొన్ని పనిదినాల్లో వెనక్కి వస్తుంది. నాటకం టికెట్లు మామూలుగా రద్దు చెయ్యనివ్వరు, అందుకే తేదీ, ఆట వేళ రెండుసార్లు చదివి మరీ నొక్కండి.

బీకేసీ హాలు, నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్, 2023లో తెరిచారు. పెద్ద థియేటర్‌లో 2,000 సీట్లు. మ్యూజికల్ అంటే పాటలూ దీపాలూ సెట్టూ, పాపకి నచ్చుతుంది. బాల్కనీ పై వరసల నుంచి అవి కనిపిస్తాయి, మొహాలు కనపడవు. దగ్గర సీట్ల ధర వేలల్లో ఉంటుంది. ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి నాన్నగారి కోసమైతే ఆ డబ్బు పెట్టక్కర్లేదు. పిల్లలకి వయసు నిబంధన ఒక్కో నాటకానికి ఒక్కోలా ఉంటుంది. పృథ్వీ నాటకానికి కూడా ఆ పేజీలో చూసే పాపకి టికెట్ తీయండి.

నాగావళి గట్టు:
ఒకటి మర్చిపోయాం. జనవరి ఆఖర్లో గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ దక్షిణ ముంబైలో కాలా ఘోడా కళల ఉత్సవం మొదలై తొమ్మిది రోజులు జరుగుతుంది, నాటకాలు కూడా ఉంటాయి, ప్రవేశం ఉచితం. ముందొచ్చినవాళ్ళకే చోటు. తేదీలు మీ ప్రయాణంతో కలుస్తాయేమో చూసుకోండి. కానీ అక్కడ చాలాసేపు నిలబడాలి. నాన్నగారి కోసం మడత కుర్చీ దొరుకుతుందని అనుకోకండి, మీరూ పాపా వెళ్ళి రండి.

గంటస్తంభం సెంటర్:
ఆదివారం ఆటకి నాలుగు దొరికాయి. ఒక్కోటి 500, జీఎస్‌టీ పడలేదు. ఇంక హాలుకి ఫోన్ చేసి మోకాలి సంగతి చెప్పాలి.