రాత్రి పన్నెండు దాక స్లాబు సెగ ఎందుకు కొడుతది? ఏడో తరగతి ప్రాజెక్టు, జర చెప్పండి

మిర్యాలగూడ_అమ్మ:
మా బిడ్డకు సైన్స్ మేడం ప్రాజెక్టు ఇచ్చింది. వహనం (వస్తువు గుండ వేడి పాకుడు), సంవహనం (గాలి, నీళ్లు కదిలి వేడిని మోసుడు), వికిరణం (వేడి కిరణాల లెక్క నేరుగ వచ్చుడు) మూడూ మీ ఇంట్లనే చూసి రాయాలె, ఆ తర్వాత మీ ఇంట్ల వాడే శక్తి యాడికెల్లి వస్తదో రాయాలె అని. గరిటె కాలుడు, ఎసరు మసులుడు, ఎండ, ఇవి గైడ్‌ల ఉన్నయి, రాసేసింది. కానీ పొల్ల ఒక డౌట్ అడిగింది, నాకు జవాబు రాలే. మాది స్లాబు ఇల్లు, పగలు పదకొండు దాక మంచిగనే ఉంటది, పొద్దుగూకినంక మొదలైతది చూడుండ్రి, రాత్రి పన్నెండు దాక నెత్తి మీద పొయ్యి పెట్టినట్టే. పక్కింటోళ్లది రేకుల ఇల్లు, పగలు లోపల నిలవడలేం గానీ రాత్రి ఎనిమిదికల్లా సల్లబడుతది. ఎండ ఇద్దరికీ ఒక్కటే గదా. ఇంకోటి, వేడి గాలి పైకి పోతదని బుక్కుల రాసిండ్రు, మరి సెగ మీదికెల్లి కిందికి ఎట్ల వస్తున్నది?

పాలమూరు_ట్యూషన్‌సార్:
పాప అడిగిన రెండోది మస్తు ప్రశ్న అక్కా, ముందు దానికే చెప్త. వేడెక్కిన గాలి సీలింగ్ కిందనే పేరుకుంటది, తనంతట తాను కిందికి దిగదు, అంటే అక్కడ సంవహనం పనిచేస్తలేదు. కిందికొచ్చేది వికిరణం. దానికి గాలితోని పనిలేదు, పైకి కిందికి అనే లెక్క లేదు, వేడిగున్న వస్తువు అన్ని దిక్కులకూ ఇస్తనే ఉంటది. రాత్రి మంచం మీద పండుకొని మొఖానికి సీలింగ్‌కు మధ్యల ఒక అట్ట పట్టుకోమనుండ్రి, మొఖం మీది సెగ టక్కున తగ్గుతది. గాలి మారలే, అట్ట ఆపింది వికిరణాన్నే. ఇది ప్రాజెక్టుల రాస్తే గైడ్‌ల ఉన్నదానికంటే నయం.

ఇగ టైము సంగతి. నాలుగు ఇంచుల స్లాబు అనుకోండి, పది బై పది రూము మీద ఉన్నదే రెండు టన్నుల పైన బరువు ఉంటది. అంత కాంక్రీటు 20 డిగ్రీలు వేడెక్కాలంటే పట్టే వేడిని కరెంటు లెక్కల చెప్తే దాదాపు 11 యూనిట్లు. అదంతా పగటి ఎండకెల్లి గుంజుకున్నదే, పొద్దుగూకినంక ఎటన్నా పోవాలె గదా, సగం మొగులుకు పోతది, సగం మీ మీదికి వస్తది అనుకోండి ఉజ్జాయింపుగ. పైగా పైతట్టుకు తాకిన వేడి కిందితట్టుకు వచ్చేసరికి మూడు నాలుగు గంటలు పడతది, అందుకే మధ్యాహ్నం రెండు గంటల ఎండ మీకు సాయంత్రం తెలుస్తది. రేకు పల్చగ ఉంటది, బరువు లేదు, వేడి దాచుకునే జాగనే లేదు, ఎండ రాంగనే లోపలికి ఇచ్చేస్తది, పోంగనే సల్లారుతది.

కొలుస్తం అంటే మాత్రం జ్వరం చూసే థర్మామీటర్ వద్దు, అది 35 నుంచి 42 డిగ్రీల దాకనే, మన మే నెల స్లాబుకు సాలదు.

దేవరకొండ_పిల్లగాడు:
సార్ మా అమ్మ సాయంత్రం డాబా మీద నీళ్లు కొడుతది, మా నాయిన ఏమో ఇంకా ఉడకపోత అయితదని కొట్లాడుతడు. ఎవ్వలు కరెక్టు?

పాలమూరు_ట్యూషన్‌సార్:
మీ అమ్మనే. ఒక బకెట్ అంటే 15 లీటర్లు పూర్తిగ ఆవిరైతే ఇంచుమించు 10 యూనిట్ల వేడి పట్కపోతయ్, అంటే లెక్క ప్రకారం ఒక రూము స్లాబు మొత్తం వేడి. నిజానికి కొన్ని కారిపోతయ్, ఆవిరికి కొంత వేడి గాలికెల్లి కూడ వస్తది, అందుకే అంత లాభం ఉండదు గానీ తేడా మాత్రం కాలికే తెలుస్తది. మీ నాయిన చెప్పేది వానలు మొదలైనంక నిజమైతది, గాలిల తేమ నిండుగుంటే నీళ్లు ఆవిరి కావు, కూలర్ కూడ అప్పుడు అందుకే దండగ. అన్నిటికంటే సున్నం మేలు, తెల్లగుంటే ఎండను ముందే వాపస్ పంపుతది, లోపలికి రానిస్తేనే గదా తర్వాత తిప్పలు. 2023ల మన తెలంగాణ సర్కారు ఇండ్ల కప్పులు సల్లగుంచనీకి కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడ ఈ లెక్క మీదనే.

దామరచర్ల_అన్న:
రెండో భాగం నేను చెప్త అక్కా. శక్తి వనరు దగ్గర చాలమంది పిల్లలు కరెంటు అని రాస్తరు, మార్కులు పోతయ్. కరెంటు వనరు కాదు, మోసుకొచ్చేది మాత్రమే. మన జిల్లాలనే చూపియ్యొచ్చు. మా మండలంల వీర్లపాలెం కాడ యాదాద్రి థర్మల్, 800 మెగావాట్లవి అయిదు టర్బైన్ సెట్లు, మొత్తం 4000, అక్కడ వనరు బొగ్గు. బొగ్గు కాలిస్తే వచ్చిన వేడిల సగానికి పైన కరెంటు కాదు, పొగగొట్టం నుంచి, కూలింగ్ టవర్ నుంచి గాలిలకే పోతది, ఇది తప్పక రాయమనుండ్రి. నాగార్జునసాగర్ డ్యాం కాడ 815.6 మెగావాట్లు, వనరు ఎత్తుల నిలిచి కిందికి పడే నీళ్లు. పాలమూరు దిక్కు జూరాల 234. సాగర్‌ల ఏడు టర్బైన్లు ఉల్టా తిరిగి కింది నీళ్లను మళ్ల పైకి తోడగలవు, కానీ అది కొత్త శక్తి పుట్టించుడు కాదు, ఉన్న కరెంటును దాచుకునుడు, పైగా తోడనీకి పెట్టినంత వాపస్ రాదు. మీ ఇంటి ఫ్యాన్‌కు వచ్చేది ఏ ప్లాంటుదని అడిగితే చెప్పలేం, గ్రిడ్‌ల, అంటే అన్ని ప్లాంట్లను కలిపే కరెంటు లైన్ల వలల, అన్నీ కలుస్తయ్.

మిర్యాలగూడ_అమ్మ:
అందరికీ థాంక్స్. అట్ట పెట్టి చూసినం, నిజమే. పొల్ల ఇప్పుడు ఏమంటదంటే బొగ్గు ఒకప్పటి చెట్లు, చెట్లకు ఎండ కావాలె, సాగర్ నీళ్లు కూడ ఎండకు ఆవిరై వానై వచ్చినవే, అట్లయితే వనరు సూర్యుడు ఒక్కడే అని రాయొచ్చా అని.

పాలమూరు_ట్యూషన్‌సార్:
ఒక్కడే అని రాయొద్దు, దాదాపు అన్నీ అని రాయమనుండ్రి. గాలిమరలు, వంటచెరకు, గ్యాసు, పెట్రోలు అన్నీ సూర్యునికాడికే పోతయ్. కానీ అణు కరెంటుకు వాడే యురేనియం అట్ల కాదు, అది సూర్యుడు, భూమి పుట్టకముందు పేలిపోయిన వేరే నక్షత్రాలకెల్లి వచ్చింది. మీ జిల్లాలనే సాగర్ పక్కన లంబాపూర్, పెద్దగట్టు కాడ భూమిల యురేనియం ఉన్నది, ఆ రెండు ఊర్ల పేర్లు రాయమను. సముద్రం ఆటుపోట్లది ఎక్కువ చంద్రుని లెక్క.

దేవరకొండ_పిల్లగాడు:
పెద్దగట్టు మా దిక్కే సార్, అక్కడ తవ్వుతమంటే ఊరోళ్లు అడ్డం పడ్డరు. అది కూడ రాయొచ్చా?

పాలమూరు_ట్యూషన్‌సార్:
రాయొచ్చు, ఎందుకు అడ్డం పడ్డరో కూడ రాయాలె. సాగర్ నీళ్లు తాగేటోళ్లం అందరం.